బకెట్ ఎక్కడ పెడతారన్నదే అసలు సంగతి

హైదరాబాద్ మల్కాజిగిరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. ఇంట్లో అత్తమామలు, రాణిగంజ్‌లో మోటారు పంపుల షాపులో పనిచేసే భర్త, ఐదో తరగతి పూర్తిచేసిన పదేళ్ల కొడుకు. బాబు కాస్త లావుగా ఉంటాడు. కిందటి వేసవిలో క్రికెట్ కోచింగ్‌లో చేర్పిస్తే పన్నెండు రోజులు వెళ్లి మానేశాడు. ఎందుకని అడిగితే కాలు నొప్పి అన్నాడు. అక్కడ పిల్లలు "బండోడా" అని పిలిచేవారని కొన్ని నెలల తర్వాత తాతతో చెప్పాడట. నాన్నతో ఇప్పటికీ చెప్పలేదు.

ఈ సెలవుల్లో ఆ పిల్లాడే రోజూ సాయంత్రం టెర్రస్ ఎక్కి తాతతో, పక్క ఫ్లాట్ పిల్లలతో వాటర్ గన్నులు పట్టుకుని గంటసేపు పరుగులు పెడుతున్నాడు. "తడిసి ముద్దయి, ఆకలేస్తోందంటూ దిగి వస్తాడు. వాణ్ని ఇంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు" అని రాశారు. కానీ భర్త మాత్రం ఇది కసరత్తు కాదు, నీళ్లు పారబోయడమేనని, స్విమ్మింగ్‌లో చేర్పిద్దామని పట్టుబడుతున్నారు. హోలీకి కొన్న పెద్ద గన్ను నీళ్లు లాగడం మానేసింది. దాంతో బాబు చిన్న ట్రిగ్గర్ గన్నుతో ఆడుతూ కుడి చూపుడువేలు నొప్పంటున్నాడు. అది చూసి భర్త బ్యాటరీ గన్ను తెచ్చారు. "ఇక చెయ్యి కదిపే పనే లేకపోయె" అని మామగారు. ఆయనకు అరవై ఆరేళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు, ఈమధ్య కుడి భుజం పట్టేస్తోంది. పై అంతస్తువాళ్లు స్లాబుకి చెమ్మ వస్తోందని ఫిర్యాదు చేశారు. ఎండాకాలం ఇన్ని నీళ్లా అని అత్తగారు. ఆపేయమనాలా, ఆడనివ్వాలా, ఇది నిజంగా వ్యాయామమేనా, ఏ గన్ను మంచిది, మావారికి ఎలా చెప్పాలి అన్నవి వారి ప్రశ్నలు.

* * *

మీ ఇంట్లో ఒకే గొడవ జరుగుతున్నట్టు కనిపిస్తోంది గానీ, అందులో నాలుగైదు విడివిడి విషయాలు చిక్కుపడి ఉన్నాయి. వేలి నొప్పికి మందు వేరు, స్లాబు చెమ్మకు మందు వేరు. అన్నింటినీ కలిపి "ఆపాలా, వద్దా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఒక్కోటి విడదీద్దాం.

ముందు వ్యాయామం సంగతి. మీవారి మాటలో కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. పంపు కొట్టడంలో ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. మామూలు ప్రెషర్ గన్నులో, అంటే పంపు కొట్టి లోపలి గాలిని అణిచి ఆ ఒత్తిడితో నీళ్లు చిమ్మే రకంలో, గాలి ఒత్తిడి ఒక బార్ (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు సమానం) దాకా పెంచి లీటరు నీళ్లు చిమ్మడానికి పట్టే పని, కిలో బరువును పది మీటర్ల ఎత్తుకు, అంటే మీ అపార్ట్‌మెంట్ కింది నుంచి టెర్రస్ దాకా ఎత్తే పనితో సమానం. అదేమంత పెద్దది కాదు. బాబు ఒట్టి చేతులతో ఒక్కసారి ఆ మెట్లెక్కి వచ్చినా అంతకు ఎన్నో రెట్లు పని చేసినట్టే. కాబట్టి నిలబడి నీళ్లు చిమ్మితే ఒళ్లు తగ్గదు. ముంజేతికి, భుజానికి, రొమ్ముకి కాస్త పని తగులుతుంది, అంతే.

మరి బాబుకి అంత ఆయాసం, అంత ఆకలి ఎక్కడి నుంచి వస్తున్నాయి? పరుగు నుంచి. ఎదుటివాడి ధార తప్పించుకోవడానికి వంగడం, పక్కకి దూకడం, నీళ్లయిపోతే బకెట్ దగ్గరికి ఉరకడం, మళ్లీ వెనక్కి రావడం... అదంతా ఆగి ఆగి చేసే వేగపు పరుగు. లావుగా ఉన్న పిల్లలకు ఏకధాటిగా పరిగెత్తడం కష్టం, పైగా వెనకబడి నలుగురి కళ్లలో పడతారు. ఇలా పది సెకన్లు ఉరికి అర నిమిషం ఆగే ఆట వాళ్లకు బాగా పడుతుంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంట్లో చురుకు పుట్టించే ఆట కావాలని, వారంలో కనీసం 3 రోజులు గట్టిగా ఆయాసపడేది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ టెర్రస్ ఆట ఆ లెక్కలోకి వస్తుందో లేదో చూడటానికి తేలికైన మార్గం ఉంది. ఆట మధ్యలో బాబుని పలకరించండి. పూర్తి వాక్యం చెప్పగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థమైన శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ. హాయిగా కబుర్లు చెబుతున్నాడంటే ఆ రోజు ఆట కాళ్లకు చేరలేదన్నమాట.

ఇక్కడే బకెట్ సంగతి వస్తుంది. ఈ ఆటలో శ్రమను పెంచేదీ తగ్గించేదీ గన్ను కాదు, నీళ్ల బకెట్ ఉన్న చోటు. అది వాడి పక్కనే ఉంటే నిలబడి నింపుకుని నిలబడే కొడతాడు. ఆడే చోటికి నలభై అడుగుల దూరంలో, అవతలి కొసన పెట్టి చూడండి. ముప్పావు లీటరు గన్ను నలభై నిమిషాల్లో పన్నెండుసార్లు నింపాల్సి వస్తుందనుకుంటే, ఒక్క నింపుడుకే దాదాపు మూడు వందల మీటర్ల పరుగు. గన్ను సగమే నింపాలని నియమం పెడితే అది ఆరు వందలవుతుంది, అవే నీళ్లతో. ఆ నియమం పిల్లల చేతనే పెట్టించండి, పెద్దవాళ్లు పెడితే అది డ్రిల్లు అయిపోతుంది. నీళ్లు కూడా వాళ్లే మోసుకెళ్లాలి. చేతికొకటి చొప్పున రెండు లీటర్ల సీసాలు, మీ ఇంటి నుంచి టెర్రస్‌కి రెండంతస్తులు, నాలుగు సార్లు తిరిగితే 16 లీటర్లు. ఆ మెట్లెక్కడం ఆటకు ముందే అయిపోవాలి. తడి కాళ్లతో మెట్ల మీద తిరగకూడదు.

ఇక గన్నులు. వేలి నొప్పికి కారణం చిన్న ట్రిగ్గర్ గన్నే. అందులో ట్రిగ్గర్ వెనకే చిన్న పిస్టన్ ఉంటుంది. ఒక్కసారి నొక్కితే వచ్చేది మహా అయితే ఒక మిల్లీలీటరు. మూడు వందల మిల్లీలీటర్ల గన్ను ఖాళీ చేయాలంటే మూడు వందలసార్లు నొక్కాలి, అదీ ఒక్క వేలితో, స్ప్రింగుకి ఎదురుగా. రోజుకి ఐదారుసార్లు నింపితే ఆ వేలి నరం, అంటే కండను ఎముకకు కలిపే తాడు, రాపిడికి నొప్పెడుతుంది. నాలుగైదు రోజులు ఆ గన్ను పక్కన పెట్టించండి. తర్వాతా ట్రిగ్గర్ గన్నే వాడాల్సొస్తే రెండు వేళ్లతో నొక్కమనండి, నింపినప్పుడల్లా చెయ్యి మార్చమనండి. వేలు వంచితే మధ్యలో పట్టేసి టక్కున విడుతున్నా, వాచినా, రెండు వారాలైనా నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరుకి చూపించాలి.

రెండో రకం హోలీ పిచికారీ. వెనక్కి లాగితే నీళ్లు వస్తాయి, ముందుకి తోస్తే ధార. లాగేటప్పుడు వీపు పైభాగం, తోసేటప్పుడు రొమ్ము, మోచేతి వెనక కండ పనిచేస్తాయి. రెండు చేతులూ సమానంగా శ్రమపడే గన్ను ఇదొక్కటే. బేగంబజార్‌లో వరసగా పేర్చిన వాటిలోంచి ఏది తీసుకోవాలన్నది గొట్టం లావుని బట్టి తేల్చుకోండి, పొడవుని బట్టి కాదు. నాలుగు సెంటీమీటర్ల గొట్టం పదిహేను సెంటీమీటర్లు లాగితే 190 మిల్లీలీటర్ల దాకా నీళ్లు పడతాయి. రెండున్నర సెంటీమీటర్లదైతే 70 పైచిలుకు. కానీ ఒకే ఒత్తిడి రావాలంటే లావు గొట్టాన్ని రెండున్నర రెట్లు ఎక్కువ బలంతో తోయాలి. బాబుకీ మామగారికీ సన్నదే సరైనది.

మూడోది, మీరు హోలీకి కొంటే ఇప్పుడు మూలన పడి ఉన్న పెద్ద ప్రెషర్ గన్ను. నాసాలో పనిచేసిన ఇంజనీరు లోనీ జాన్సన్ 1982లో నీళ్లతో పనిచేసే హీట్ పంపు కోసం ఇంట్లో ప్రయోగాలు చేస్తుండగా తట్టిన ఆలోచన ఇది. 1990లో అమ్మకానికి వచ్చింది, మరుసటి ఏడాది నుంచి సూపర్ సోకర్ అన్న పేరుతో ప్రపంచమంతా తెలిసింది. కీలకమంతా గాలిలోనే ఉంది. నీళ్లు అణగవు, గాలి అణుగుతుంది. ట్యాంకులోకే గాలి కొట్టే రకమైతే నిండా నీళ్లు పోయకూడదు, మూడింట రెండొంతులు పోసి మిగతాది గాలికి వదలాలి. అణగడానికి గాలే లేకపోతే ఒక్క చిమ్ముతో ఒత్తిడి అయిపోతుంది. మొదటి పంపులు వెన్నలా వెళ్తాయి, పదిహేను దాటాక చెయ్యి బరువెక్కుతుంది. గాలి సగానికి కుదించుకుపోయేసరికి ఒత్తిడి దాదాపు ఒక బార్ పెరుగుతుంది. ఎదిగే పిల్లాడి చేతికి ఇంతకంటే తేలిగ్గా పెరుగుతూ వచ్చే బరువు దొరకడం కష్టం. చెయ్యి బరువెక్కాక మరో రెండు కొట్టి ఆపేయాలి, బలవంతంగా కొడితే గన్ను అతుకుల దగ్గర పగలొచ్చు.

బ్యాటరీ గన్ను తెచ్చినందుకు మీవారిని తప్పుపట్టకండి. పిల్లాడి వేలు నొప్పి చూసి తెచ్చారు, అది ప్రేమే. చేతికి పని పోతుంది నిజమే గానీ కాళ్లకు పోదు. వేలు బాగయ్యేదాకా అదే వాడనివ్వండి, బకెట్ మాత్రం అవతలి కొసనే ఉండాలి. చార్జింగ్ పెట్టేముందు పూర్తిగా తుడిచి, చార్జింగ్ చోట ఉన్న రబ్బరు బిరడా లోపల తడి లేకుండా చూసుకోవాలి. ఎండలో టెర్రస్ మీద వదిలేయకూడదు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడొద్దు.

మామగారి విషయం. వంగి నేల మీది బకెట్‌లోంచి పిచికారీ లాగడం నడుముకీ భుజానికీ రెంటికీ చెరుపే. బకెట్‌ను స్టూలు మీద పెట్టి, మోచెయ్యి భుజం ఎత్తు దాటకుండా లాగమనండి. తోసేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లకు ఆ క్షణంలో అది బాగా పెరుగుతుంది. తోస్తూ ఊపిరి వదలాలి. చొక్కా వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లకపోయినా, రాత్రి ఆ పక్కకి తిరిగితే నొప్పి లేపేస్తున్నా అది ఆటవల్ల వచ్చింది కాకపోవచ్చు. భుజం బిగిసిపోయే జబ్బు మొదలవుతూ ఉండొచ్చు, షుగరున్నవాళ్లలో ఇంకా ఎక్కువ. పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఆయన స్కోరు చూసేవారిగా ఉంటే ఆట ఆగదు. తాత లేని ఆట బాబుకి వేరే ఆట అయిపోతుంది, అందుకే ఆయన్ని అక్కడి నుంచి పంపేయొద్దంటున్నాను.

పై అంతస్తువాళ్ల ఫిర్యాదుని తేలిగ్గా తీసుకోకండి, కానీ లెక్క కూడా చూడండి. వెయ్యి చదరపు అడుగుల టెర్రస్ మీద పదహారు లీటర్లు సమంగా పరిస్తే మిల్లీమీటరులో ఆరో వంతు మందం ఉంటుంది. ఆ సాయంత్రమే ఆరిపోతుంది. అదే టెర్రస్ మీద ఒక సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్లకు పైనే. పదహారు లీటర్లకు కారే స్లాబు జూన్‌లో ఏమవుతుందో వాళ్లకే చెప్పండి, గొంతు పెంచకుండా. నిజంగా చూడాల్సింది నీళ్లు నిలిచే మూలలు. వాన నీటి గొట్టం మూతి దగ్గర ఆకులు, సిమెంటు పెళ్లలు పేరుకుంటే అక్కడ నీళ్లు గంటల తరబడి నిలిచి పగుళ్లలోకి దిగుతాయి. ఆ మూతి శుభ్రం చేయించి, వారం రోజులు ఆట రెండో వైపుకి మార్చి చూడండి. చెమ్మ తగ్గకపోతే కారణం ఆట కాకపోవచ్చు. అప్పుడు అసోసియేషన్‌లో వాటర్‌ప్రూఫింగ్ గురించి మాట్లాడొచ్చు, వాన రాకముందే.

టెర్రస్ గురించి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. పిట్టగోడ ఎంత ఎత్తుందో మీరు రాయలేదు. తడి నేల మీద ధార తప్పించుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్లే పిల్లాడు గోడ చూడడు. గోడ వాడి రొమ్ము ఎత్తుకి రాకపోతే అక్కడ ఈ ఆట వద్దు, కింద పార్కింగులోనో సెల్లారు పక్క ఖాళీ స్థలంలోనో ఆడాలి. ఎత్తు చాలితే కూడా గోడకి ఆరడుగుల ఇవతల సుద్దముక్కతో గీత గీయండి. గీత దాటినవాడు గన్ను కింద పెట్టాలి. తెల్లటి కూలింగ్ పెయింట్ వేసిన చోట, పాచి ఉన్న చోట కాలు జారుతుంది. హవాయి చెప్పులూ వద్దు, ఒట్టి కాళ్లూ వద్దు, వెనక పట్టీ ఉన్న రబ్బరు సాండల్స్ వేయండి. మొహానికి గురిపెట్టకూడదు. ఒక బార్ ఒత్తిడితో వచ్చే ధార మొదట్లో సెకనుకి దాదాపు 14 మీటర్ల వేగంతో ఉంటుంది, దగ్గర నుంచి కంటికి తగిలితే గాయం అవుతుంది. మూడు మీటర్ల లోపల కొట్టకూడదన్న నియమంతోపాటు ఈత కళ్లద్దాలుంటే మరీ మంచిది. మే నెలలో ఐదున్నరకి ముందు పైకి వద్దు. వెళ్లేముందు ఒక గ్లాసు, మధ్యలో ఒక గ్లాసు మంచినీళ్లు. ఒళ్లు తడిసి ఉంటే దాహం తెలియదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉందంటే వెంటనే నీడకి తెచ్చి తడిగుడ్డతో తుడిచి నీళ్లు తాగించండి. తేరుకోకపోయినా, తికమకగా మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అత్తగారికి నెల లెక్క చెప్పండి. రోజుకి 16 లీటర్లంటే నెలకి 480. ఐదు వేల లీటర్ల ట్యాంకర్‌లో పదో వంతు కన్నా తక్కువ. పైపు పెట్టి కారు కడిగితే నిమిషానికే పది లీటర్లు పోతాయి. ఇంట్లో ఆర్వో ఫిల్టరుంటే అది వదిలేసే నీళ్లు పట్టి ఉంచినా సగం సరిపోతాయి. తాగకూడదని పిల్లలకి చెప్పండి. చివర్లో గన్నుని మామూలు నీళ్లతో ఒకసారి కడగండి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది.

ఇప్పుడు మీవారు. మీ ముందు మూడు దారులున్నాయి. ఆట పూర్తిగా ఆపించి స్విమ్మింగ్‌లో చేర్పించవచ్చు. ఈత చాలా మంచి వ్యాయామం, అందులో సందేహం లేదు, నేర్చుకుంటే జీవితమంతా పనికొస్తుంది. కానీ ఆలోచించండి, "బండోడా" అన్న మాట పడి వచ్చిన పిల్లాడు ఇప్పుడు చొక్కా విప్పి ఇరవైమంది ముందు నిలబడాలి. ఈ ఆటని లాక్కుని అక్కడికి పంపితే అది వాడికి శిక్షలా తోస్తుంది, పన్నెండు రోజులు కూడా వెళ్లకపోవచ్చు. రెండో దారి, రెండూ ఉంచడం. వారానికి మూడు పొద్దున్లు ఈత, మిగతా సాయంత్రాలు టెర్రస్. రద్దీ తక్కువున్న సమయం చూసి, మొదటి వారం తాతో నాన్నో గట్టు మీద ఉంటే నిలబడే అవకాశం ఎక్కువ. ఖర్చు, తిరుగుడు మీరు భరించాలి. మూడోది, ఈ వేసవికి టెర్రస్ ఒక్కటే చాలనుకుని ఈత వచ్చే ఏడాదికి వదిలేయడం. అప్పుడు స్కూళ్లు తెరిచాక, వానలు మొదలయ్యాక ఏం చేస్తాడన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఏ దారైనా వారం వారం బరువు చూడటం మాత్రం వద్దు. ఆట తూకం అయిపోయిన రోజున పిల్లాడు పైకి ఎక్కడు.

కోచింగ్ సంగతి మీరు భర్తతో చెప్పొచ్చా? చెబితే ఆయన పట్టుదల మెత్తబడుతుంది. కానీ తాతకి నమ్మి చెప్పిన మాట నాన్నకి చేరిందని తెలిస్తే వాడు ఇకమీదట తాతతోనూ చెప్పడు. "నాన్నకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా, ఇంకొన్నాళ్లు ఆగుదామా" అని ముందు వాణ్నే అడగండి. ఆగుదామంటే ఆగండి.

ఈలోగా మీవారికి మీరు అప్పజెప్పదగిన పని ఒకటుంది. పంపుల షాపులో పనిచేసే మనిషికి ఇంట్లో పాడైన పంపు ఉండటం ఏమిటి! ఆ పెద్ద గన్ను బాబు ముందు కూర్చుని ఆయనే విప్పాలి. అది పనిచేసే తీరు ఆయనకి కొట్టిన పిండి. లోపల నీళ్లని ఒకవైపుకే వదిలే చిన్న గోలీలు రెండుంటాయి. లాగినప్పుడు కింది గోలీ లేచి నీళ్లు వస్తాయి, తోసినప్పుడు అది కూర్చుని పై గోలీ లేస్తుంది. మోటారు పంపు గొట్టం అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ ఎలాగో ఇదీ అంతే. హోలీ తర్వాత లాగడం మానేసిందంటే సాధారణంగా రెండే కారణాలు. రంగుపొడి గోలీ కూర్చునే చోట గట్టిపడి సందు మిగులుతుంది, లేదా పిస్టన్ రబ్బరు వాషర్ ఎండి, గొట్టానికి ఆనడం మానేసి గాలి పీలుస్తుంది. ఏది అన్నది ఇలా తెలుస్తుంది. గన్ను నీళ్లలో ముంచి పంపు నెమ్మదిగా లాగి వదిలేయండి. లాగిన నీళ్లు మళ్లీ కిందికే జారిపోతే గోలీ తప్పు. పంపు కడ్డీ పక్కనుంచి నీళ్లు కారినా, బుడగలు వచ్చినా వాషర్ తప్పు.

గోలీ అయితే వెనిగర్, గోరువెచ్చని నీళ్లు సగం సగం కలిపి గన్నులో పోసి అరగంట ఉంచి, ఇరవైసార్లు పంపు కొట్టి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. బోరు నీళ్ల తెల్ల పొర కూడా దీనితోనే పోతుంది. ధార సన్నబడితే మూతి రంధ్రంలో సూది పెట్టి పొడవకండి, అంచు చెదిరి ధార చీలిపోతుంది. ఆ ముక్కని వెనిగర్‌లో నానబెడితే చాలు. వాషర్ అయితే కడ్డీ చివరి మూత తిప్పి పిస్టన్ బయటికి లాగి, వాషర్ తుడిచి, బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు వేలితో చుట్టూ పల్చగా రాయాలి. కొబ్బరినూనె, బండి గ్రీజు వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. వాషర్‌కి పగుళ్లుంటే మార్చడమే. పాతది పారేయనివ్వకండి, కొత్తది దాని లోపలి కొలత, మందం చూసే తీసుకోవాలి. రాణిగంజ్‌లో అలాంటి ఓ-రింగులు విడిగా దొరుకుతాయి. ఆ వాషర్ జేబులో వేసుకుని బాబుని కూడా బండి మీద వెంట తీసుకెళ్లమనండి.